ఈ విత్తన గడ్డ ఎవరి పొలంలోదో చెప్పండి: కేంద్ర వ్యవసాయ శాఖకు, రెండు తెలుగు రాష్ట్రాల ఉద్యాన శాఖలకు ఒక ఆలుగడ్డ రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

ఎకరం వరి నాటడానికి పాతిక కిలోల విత్తనం సరిపోతుంది. ఎకరం ఆలుగడ్డ వేయాలంటే గడ్డ సైజును బట్టి ఎనిమిది నుంచి పన్నెండు క్వింటాళ్లు కావాలి. కోసి ముక్కలుగా నాటినా ఆరు క్వింటాళ్లకు తగ్గదు. సాగు ఖర్చులో సగానికి దగ్గరగా ఈ ఒక్క పద్దు కిందే పోతుంది. ఇంత డబ్బు పోసి కొన్న సంచి మీద అది ఏ రకమో, ఎక్కడ పండిందో, మూల విత్తనం నుంచి ఎన్నో తరానిదో చెప్పే చీటీ ఉండదు. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. మా లారీ లోడు విత్తనానికి మాత్రం కిరాయి రసీదు తప్ప వేరే కాగితం ఉండదు.

మాది సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతం. కోహీర్, న్యాల్‌కల్, ఝరాసంగం, మొగుడంపల్లి చుట్టుపక్కల ఎర్ర నేలల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో ఆలుగడ్డ నాటి, జనవరి, ఫిబ్రవరి నెలల్లో తవ్వుతాం. విత్తనం ఎక్కువగా ఆగ్రా వైపు నుంచి, కొంత పంజాబ్‌లోని జలంధర్ నుంచి వస్తుంది. చిత్తూరు జిల్లాలో పలమనేరు, వి.కోట వైపు ఉర్లగడ్డ (ఆలుగడ్డకు అక్కడి పేరు) వేసే రైతులు కర్ణాటక మార్కెట్ల మీద ఆధారపడతారు. ఆ మార్కెట్లకూ సరుకు ఉత్తరాది నుంచే రావాలి. అంటే తెలుగు నేల మీద ఆలుగడ్డ వేసే ఎవరికైనా విత్తనం వెయ్యి కిలోమీటర్లకు అవతలి నుంచి రావలసిందే.

ఆ సంచి విప్పినప్పుడు మేం ఏం చూస్తామో మీకు తెలియాలి. మీలో చాలామంది విత్తన ఆలుగడ్డను ప్రదర్శనలో బల్ల మీద, కడిగి పెట్టినదే చూసి ఉంటారు. మొదట వాసన. కోల్డ్ స్టోరేజీ చలి నుంచి తీసిన సంచులను నీడలో ఆరబెట్టకుండా నేరుగా లారీకెత్తి, పైన తాడిపత్రి కప్పి, అక్టోబరు ఎండలో మూడు రోజులు నడిపితే గడ్డకు చెమట పడుతుంది. అడుగు వరసల్లో కుళ్లు మొదలవుతుంది. పది పదిహేను రోజుల ముందే తీసి, పలుచటి వెలుతురు తగిలేలా పరిస్తే మొలకలు పొట్టిగా, బలంగా, పచ్చగా వస్తాయి. చీకటి లారీలో వచ్చినవి తెల్లగా, పొడుగ్గా సాగి ఉంటాయి, సంచి బోర్లించగానే పుటుక్కున విరుగుతాయి.

తరువాత తొక్క. నల్లటి పొక్కుల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు మట్టి అనుకుంటారు. కడిగితే మట్టి పోతుంది, అవి పోవు. అది నల్ల పొక్కు తెగులు, నేలలో చేరిందంటే ఏళ్ల తరబడి వదలదు. కొన్ని గడ్డలకు కన్నుల దగ్గర మట్టి జిగురుగా అంటుకుని ఉంటుంది. అలాంటిదాన్ని కోసి చూస్తే తొక్కకు కాస్త లోపల గోధుమ రంగు వలయం ఉంటుంది. వేళ్లతో నొక్కితే ఆ వలయంలోంచి పాలలాంటి చుక్క ఊరుతుంది. ఇది బాక్టీరియా తెచ్చే వడలు తెగులు. అదే కత్తితో పక్క గడ్డను కోస్తే దానికీ అంటుతుంది. ప్రతి గడ్డకూ కత్తిని మందు నీళ్లలో ముంచమని మీ కరపత్రాల్లో రాస్తారు. కూలీలు తెల్లవారకముందే కూర్చుని క్వింటాళ్ల కొద్దీ కోసే చోట ఎన్నిసార్లు ముంచుతారో ఒకసారి వచ్చి చూడండి.

ఇవన్నీ కంటికి కనిపించేవి. కనిపించనిది వైరస్. గడ్డ నున్నగా, మిలమిలలాడుతూ ఉంటుంది. నాటిన నెలకు ఆకు పైకి ముడుచుకుని, పెళుసుగా మారి, మొక్క పొట్టిగా ఉండిపోతే గాని విషయం తెలియదు. అప్పటికి ఎరువు వేసి, మట్టి ఎగదోసి, రెండు తడులు పెట్టి ఉంటాం.

ఆలుగడ్డకు విత్తనం గింజ కాదు, తల్లి మొక్క ముక్కే. తల్లికి ఉన్న జబ్బు పిల్లకు వస్తుంది, పిల్లకు కొత్తగా తగిలింది దాని పిల్లకు చేరుతుంది. తరం గడిచే కొద్దీ దిగుబడి దిగజారుతుంది. మీకు ఈ విషయం మాకంటే బాగా తెలుసు. తెలిసిన పెద్దలు మీ దగ్గరే ఉండేవారు కాబట్టే ఈ దేశం ఇవాళ చైనా తరువాత ప్రపంచంలో అత్యధికంగా ఆలుగడ్డ పండించే దేశమయింది. 1949లో పాట్నాలో మొదలై 1956లో సిమ్లాకు తరలిన కేంద్రీయ ఆలుగడ్డ పరిశోధన సంస్థ చేసిన పని చిన్నది కాదు. ఒకప్పుడు యూరప్ నుంచి విత్తనం దిగుమతి చేసుకునేవాళ్లం. కొండల్లో తప్ప మంచి విత్తనం పండదని అందరూ నమ్మే కాలంలో, ఉత్తరాది మైదానాల్లో చలికాలం మొదట్లో వైరస్‌ను మోసే పేనుబంక దాదాపుగా ఉండదని శాస్త్రవేత్త పుష్కర్‌నాథ్ బృందం గమనించింది. అక్టోబరులో నాటి, పేనుబంక వంద సంయుక్త ఆకులకు ఇరవై దాటకముందే, అంటే డిసెంబరు చివర, జనవరి మొదట్లోనే మొక్కను మొదలంటా కోసేస్తే లోపలి గడ్డ ఆరోగ్యంగా మిగులుతుందని తేల్చింది. విత్తనం కోసం వేసిన పైరును ఏపుగా ఉన్నప్పుడే కోసేయమని రైతును ఒప్పించడం ఎంత కష్టమో నేను ఊహించగలను. ఆ పద్ధతి మీదే అరవై ఏళ్లుగా ఈ దేశపు ఆలుగడ్డ నడుస్తోంది. కుఫ్రీ జ్యోతి, చంద్రముఖి, బహార్, పుఖ్‌రాజ్ రకాలన్నీ ఆ దారిన మా పొలాలకు వచ్చినవే.

ఇక్కడే లెక్క ఒకటి చూడాలి. దేశంలో ఆలుగడ్డ సాగు దాదాపు 22, 23 లక్షల హెక్టార్లు. హెక్టారుకు రెండున్నర టన్నులే అనుకున్నా ఏటా 55 లక్షల టన్నులకు పైగా విత్తనం కావాలి. సిమ్లా సంస్థ ఏటా ఇచ్చే మూల విత్తనం 3 వేల టన్నుల చొప్పున ఉంటుంది. వరి గింజ వంద రెట్ల దాకా పెరుగుతుంది గాని ఆలుగడ్డ ఒక్క పంటలో ఆరు రెట్లు పెరిగితే గొప్ప. 3 వేలు 18 వేలు, అది లక్షా 8 వేలు, అది 6 లక్షల 48 వేల టన్నులు. మూడు తరాలు ఒక్క గడ్డ కూడా కూరకు పోకుండా, కుళ్లకుండా జాగ్రత్తగా పెంచినా అవసరంలో ఎనిమిదో వంతు దగ్గర ఆగుతాం. మరి మిగతా ఏడు వంతులు ఎక్కడి నుంచి వస్తున్నట్టు? ప్రైవేటు ప్రయోగశాలల విత్తనం కొంత ఉంది, రైతులు తమ పంటలోంచి దాచుకున్నది చాలా ఉంది. మిగిలింది మార్కెట్లో పేరు మార్చుకున్న కూర ఆలుగడ్డ.

మాకు వచ్చేది ఎక్కువగా ఆ చివరిదే. ఫిబ్రవరి, మార్చిలో తవ్వి కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకులో అక్టోబరుకు అమ్ముడుపోని చిన్న గడ్డలను వేరుచేసి, వేరే సంచిలో పోస్తే అది విత్తనం అవుతుంది. కూర ధర బాగుంటే అవీ కూరకే పోతాయి, అప్పుడు మాకు విత్తనం కరువు. కూర ధర పడిపోతే విత్తనం విరివిగా దొరుకుతుంది. అంటే మా పొలంలో ఏం నాటాలో ఆగ్రా కూరగాయల ధర నిర్ణయిస్తోంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. వైరస్ సోకిన మొక్క కింద గడ్డలు చిన్నవిగా ఊరతాయి. నాటడానికి వీలుగా ఉంటాయని అందరూ ఏరుకునేదీ చిన్న గడ్డలనే. ఏ తనిఖీ లేని చోట సైజును బట్టి విత్తనం ఏరడమంటే ఏటేటా జబ్బు గడ్డలనే ఎక్కువగా ఏరి నాటడం. మోసం చేయాలని ఎవరూ అనుకోకపోయినా ఇదే జరుగుతుంది. అందుకే నేను ఫలానా వ్యాపారి దొంగ అని రాయడం లేదు. మాకు సరుకు పంపే కమీషన్ ఏజెంటుకు కూడా ఆ గడ్డ ఎవరి పొలంలోదో తెలియదు, నిజంగానే తెలియదు.

సొంత విత్తనం దాచుకోవచ్చు కదా అని మీ అధికారులు సభల్లో సులువుగా అంటారు. మా చలికాలం ఆగ్రా చలికాలం కాదు. పేనుబంక మా దగ్గర అలా మాయమైపోదు, కాబట్టి ఉత్తరాది పద్ధతి ఇక్కడ ఉన్నదున్నట్టు పనిచేయదు. పైగా ఫిబ్రవరిలో తవ్విన గడ్డను అక్టోబరు దాకా, మధ్యలో మన ఎండాకాలమంతా, ఎనిమిది నెలలు కాపాడాలి. విత్తనానికి 2 నుంచి 4 డిగ్రీల చల్లదనం, 90 శాతానికి పైగా గాలిలో తేమ కావాలి. మన రెండు రాష్ట్రాల్లో కోల్డ్ స్టోరేజీలకు కొదవ లేదు. గుంటూరు, ఖమ్మం, వరంగల్ నిండా ఉన్నాయి. కానీ అవి మిరపకాయ కోసం కట్టినవి. మిరపకు తేమ తక్కువ ఉండాలి, ఆలుగడ్డకు ఎక్కువ ఉండాలి. మిరప గదిలో పెట్టిన గడ్డ ముడతలు పడుతుంది, తేమ పెంచితే మిరపకు బూజు పడుతుంది. ఉత్తరప్రదేశ్, పశ్చిమబెంగాల్‌లలో కోల్డ్ స్టోరేజీ అంటేనే ఆలుగడ్డ. మా దగ్గర ఆ మాట వినగానే గుర్తొచ్చేది మిర్చి టిక్కీలు.

చట్టం సంగతికి వస్తాను. 1966 నాటి విత్తన చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. 2025 నవంబరులో కేంద్రం కొత్త విత్తన బిల్లు ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. ప్యాకెట్టు మీద క్యూఆర్ కోడ్, నకిలీ విత్తనానికి భారీ జరిమానా అందులో ఉన్నాయి. పత్తి, మిరప, మొక్కజొన్న రైతులకు ఇది పనికొస్తుంది, సంతోషం. కానీ ఆలుగడ్డ ప్యాకెట్టులో రాదు, యాభై కిలోల సంచిలో వస్తుంది. బ్రాండు పేరుతో రాదు. అమ్మేవాడు బిల్లులో విత్తనం అని రాయడు, ఆలుగడ్డ అని రాస్తాడు. పంట పోయాక మేం ఫిర్యాదు చేస్తే, "మీరు కొన్నది కూర సరుకు కదా" అంటారు. ఈ కంతను పూడ్చకుండా ఎన్ని క్యూఆర్ కోడ్లు పెట్టినా మా వరకు రావు. నాటే కాలంలో, నాటే ప్రాంతానికి, నాటే సైజులో లోడు వస్తే దాన్ని విత్తనంగానే లెక్క కట్టాలని నియమాల్లో రాయండి.

చట్టానికి ఆలుగడ్డ కనిపించదని అనడానికి లేదు. కంపెనీ గడ్డ అయితే బాగానే కనిపిస్తుంది. చిప్స్ కోసం పెప్సికో రిజిస్టరు చేయించుకున్న ఎఫ్‌సీ5 రకాన్ని అనుమతి లేకుండా పండించారని 2019లో గుజరాత్ రైతుల మీద కోర్టులో దావాలు పడ్డాయి. కొందరి మీద కోటి రూపాయలకు పైగా పరిహారం అడిగారు. దేశమంతా గొడవ కావడంతో మే నెలలో కంపెనీ కేసులు వెనక్కి తీసుకుంది. పండించిన విత్తనాన్ని దాచుకునే, నాటుకునే, బ్రాండు లేకుండా అమ్ముకునే హక్కు 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలోని 39వ సెక్షన్ రైతుకు ఇచ్చింది. రైతు హక్కుల కార్యకర్త కవితా కురుగంటి పిటిషన్ మీద 2021 డిసెంబరులో ఆ రకం రిజిస్ట్రేషన్ రద్దయింది. 2023లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం దాన్ని సమర్థించింది, 2024 జనవరిలో ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టింది. ఆ వివాదంలో ఎవరిది న్యాయమన్నది ఇక్కడ నా విషయం కాదు. నన్ను తొలిచే సంగతి వేరు. ఫలానా రైతు పొలంలోని గడ్డ ఫలానా రకమేనని తేల్చే పరీక్షలు, నమూనాల సేకరణ, కోర్టు కమిషనర్లు, అన్నీ ఈ దేశంలో ఉన్నాయని ఆ కేసు రుజువు చేసింది. కంపెనీ కోసం పనిచేసిన ఆ యంత్రాంగం, మేం కొన్న గడ్డ పుఖ్‌రాజా, జ్యోతా, వైరస్ ఎంత అని అడిగితే మాత్రం పనిచేయదు.

2018 కూడా గుర్తు చేస్తాను. గడ్డ వేళ్లను పట్టే తిత్తి నులిపురుగు బయటపడటంతో హిమాచల్, ఉత్తరాఖండ్, జమ్మూకశ్మీర్‌ల నుంచి విత్తన ఆలుగడ్డ బయటకు పోకుండా కేంద్రం నిషేధించింది. సిమ్లా దగ్గర కుఫ్రీలో ఉన్న ఆలుగడ్డ సంస్థ సొంత పరిశోధన క్షేత్రం నుంచి కూడా విత్తనం కదలకుండా ఆగింది. ఏ ఊరి పేరు రకాలన్నింటికీ తగిలించారో ఆ ఊరి గడ్డకే బయట ప్రవేశం లేకుండా పోయింది. సరైన నిర్ణయమే, కాదనను. కానీ సర్కారు క్షేత్రానికి అంత కఠినంగా వర్తించిన జాగ్రత్త మా లారీకి ఎందుకు వర్తించదు? నీలగిరుల్లో ఆ పురుగు 1961 నుంచీ ఉంది. అది జహీరాబాద్ నేలలో దిగితే, ఎవరి సంచిలో వచ్చిందో చెప్పగల కాగితం మీ దగ్గర ఉండదు.

పరిష్కారం లేదని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. పక్కనే కర్ణాటకలో హాసన్ ఉంది. దక్షిణాదిలో ఆలుగడ్డకు పేరుపడిన జిల్లా అది. ఆకుమాడు తెగులు, ఉత్తరాది నుంచి వచ్చే నాసి విత్తనం కలిసి అక్కడి సాగును చాలావరకు తుడిచిపెట్టాయి. అంతా అయిపోయిందనుకున్న చోటే అంతర్జాతీయ ఆలుగడ్డ కేంద్రం, బాగల్‌కోట్ ఉద్యాన విశ్వవిద్యాలయం కలిసి కొత్త దారి పట్టాయి. ప్రయోగశాలలో వైరస్ లేకుండా పెంచిన మొక్క కొసలను తుంచి, షేడ్‌నెట్ నర్సరీలో వేళ్లు పోయించి, టమాటా నారులాగా ట్రేల్లో రైతుకు అమ్ముతారు. నారు నాటితే ఒక్కో మొక్కకు పదికి పైగా చిన్న గడ్డలు ఊరతాయి. వాటిని మరో ఒకటి రెండు పంటలు పెంచి విత్తనంగా వాడుకుంటారు. ఆరేడు తరాల బరువు మోసుకొచ్చిన గడ్డ బదులు రెండో తరం గడ్డ పొలానికి వస్తుంది. నర్సరీలు నడిపేది మామూలు రైతులే. టమాటా, మిరప నారు పెంచే నర్సరీలు మా దగ్గరా ఉన్నాయి, చేయి తిరిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు కావలసింది పరిశుభ్రమైన తల్లి మొక్క, నేర్పే మనిషి.

తల్లి మొక్కలు పెంచే పని సిద్దిపేట జిల్లా ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయానికి, వెంకట్రామన్నగూడెంలోని వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయానికి అప్పగించండి. రెండూ ఉద్యాన పంటల కోసమే పెట్టినవి. చింతపల్లి వైపు మన్యంలో చల్లటి ఎత్తయిన నేలలు ఉన్నాయి, అక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రమూ ఉంది. అక్కడ పేనుబంక ఏ నెలలో ఎంత ఉంటుందో వరుసగా కొన్ని సీజన్లు లెక్కించి, విత్తనానికి పనికొస్తుందో లేదో తేల్చండి. పనికిరాదని తేలినా మంచిదే, కనీసం తెలుస్తుంది. గిరిజన రైతుల భూముల మీదికి పథకం పేరుతో వెళ్లకముందు వాళ్లను అడగడం మరచిపోవద్దని మాత్రం కోరుతున్నాను. పంజాబ్ 2020లో టిష్యూ కల్చర్ (ప్రయోగశాలలో మొక్క కణజాలం నుంచి పెంచే) విత్తన ఆలుగడ్డ కోసమే ప్రత్యేక చట్టం చేసుకుంది. ఆగ్రాలో అంతర్జాతీయ ఆలుగడ్డ కేంద్రం దక్షిణాసియా శాఖ పెట్టడానికి 2025 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 111.50 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అందులో దక్షిణాది విత్తనానికి ఎంత పని కేటాయిస్తారో ఇప్పుడే అడగండి. భవనం లేచాక అడిగితే గదులన్నీ పంచేసి ఉంటాయి.

హైదరాబాద్‌కు ఆగ్రా గడ్డ చవకగా వస్తున్నప్పుడు మీకు ఆలుగడ్డ ఎందుకు, వేరే పంట వేసుకోండి అని ఒక పెద్ద అధికారి నాతో నవ్వుతూ అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మేం ఆగ్రాతో పోటీపడలేం, పడాలనీ లేదు. వంద రోజుల్లో చేతికొచ్చే పంట, బోయినపల్లి మార్కెట్ కొన్ని గంటల దూరంలో ఉంది, తొక్క పలుచగా ఉండే తాజా గడ్డకు కొనేవాళ్లు ఉన్నారు. ఇక దూరపు సరుకు మీద పూర్తిగా ఆధారపడటం ఎలా ఉంటుందో 2024లో ఒడిశాను అడగండి. ధర పెరిగిందని బెంగాల్ తన ఆలుగడ్డ లారీలను సరిహద్దులో ఆపేసింది, అదీ ఒకే ఏడాదిలో రెండోసారి. 2014లోనూ అదే చేసింది. దేశంలో కూర ఉంది, కానీ పక్క రాష్ట్రం కంచంలోకి రాలేదు. అయినా ఎకరాలు పెంచమని నేను అడగడం లేదు. వేసేవాళ్లకు చీకట్లో వేసే గతి తప్పించండి. పెరిగిన రాత్రి వేడికి ఇక్కడ గడ్డ ఊరడం తగ్గుతోంది. వేడిని తట్టుకునే కుఫ్రీ సూర్య లాంటి రకాలు మీ దగ్గరే పుట్టాయి. రకం పేరు కరపత్రంలో చదువుతాం, దాని నికార్సయిన విత్తనం మా మండల కేంద్రంలో ఎక్కడ దొరుకుతుందో ఆ కరపత్రం చెప్పదు.

రాయితీ గురించీ ఒక మాట. సంచికి ఇన్ని రూపాయలని రాయితీ ఇస్తే, ఆ సంచిలో ఏముందో చూడనంత కాలం అది అమ్మేవాడికి ఇచ్చిన రాయితీయే. ఆ డబ్బుతో జహీరాబాద్‌లో ఒకటి, పలమనేరులో ఒకటి ఆలుగడ్డకు తగిన తేమ ఉండే చిన్న విత్తన గిడ్డంగి కట్టండి, పక్కన వైరస్ పరీక్ష చేసే గది ఒకటి పెట్టండి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు నడపమని ఇవ్వండి. నష్టం వస్తే సంఘం సభ్యులుగా మేమూ భరిస్తాం, అది రాసి ఇవ్వడానికి సిద్ధం.

గిడ్డంగికి, నర్సరీకి సమయం పడుతుందని తెలుసు. ఒక పని మాత్రం ఈ సీజనుకే చేయవచ్చు, పైసా ఖర్చు లేదు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మార్కెట్ యార్డులోకి వచ్చే ప్రతి ఆలుగడ్డ విత్తన లోడుకు రకం, పండిన జిల్లా, కోల్డ్ స్టోరేజీ పేరు, బయటకు తీసిన తేదీ రాసిన చీటీ ఉండాలని, ఆ చీటీ నకలు రైతు బిల్లుకు జతచేయాలని, లోడుకు వంద గడ్డలు కోసి చూశాకే యార్డులో దింపనివ్వాలని ఉత్తర్వు ఇవ్వండి. కోసి చూడటానికి మీ సిబ్బంది చాలకపోతే మేం వస్తాం, కత్తులు మావే తెచ్చుకుంటాం. ఆగస్టులోగా ఉత్తర్వు వస్తే ఉత్తరాది వ్యాపారులకు కబురు చేరడానికి వ్యవధి ఉంటుంది. అక్టోబరులో వస్తే లారీలు అప్పటికే నాగపూర్ దాటి ఉంటాయి.

ఇట్లు,
జహీరాబాద్ ప్రాంతపు ఒక ఆలుగడ్డ రైతు